అధ్యక్షుడి చిన్న చీటీలను దాటవేయకండి: వాషింగ్టన్, జెఫర్సన్‌ల రోజువారీ ఉత్తరాలను చదివే తీరు

మీరు అడిగిన విషయాన్ని ముందు ఒకసారి చెప్పుకొంటాను. అమెరికా తొలి అధ్యక్షుల ఉత్తరాలను, వాటిని అందరికీ అందుబాటులో పెట్టిన ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో చదవడం మొదలుపెట్టారు. ఎక్కడ తెరిచినా 'ఇందుతో జతపరచిన కాగితాలను పరిశీలనకు పంపుతున్నాను', 'మీరు పంపిన ముసాయిదాను తిప్పి పంపుతున్నాను' అనే రెండు మూడు వాక్యాల చీటీలే కనబడుతున్నాయి. వీటిని వదిలేసి పేరున్న పెద్ద ఉత్తరాలనే చదివితే సరిపోదా అన్నది మీ మొదటి ప్రశ్న. కింద సంతకం వాషింగ్టన్‌దో జెఫర్సన్‌దో అయితే, పైనున్న మాటలు కూడా ఆయనవే అనుకోవచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్పాలంటే మొదటిదానికి నా జవాబు సరిపోదనే. రెండోదానికి జవాబు కాగితాన్ని బట్టి మారుతుంది, ఏ కాగితానికి ఏ జవాబో తేల్చుకోవడానికి మీరు వదిలేద్దామనుకుంటున్న ఆ చీటీలే ఆధారం. నేను ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ దస్త్రాల మధ్య పనిచేసి, ఆ తరువాత తీరిక దొరికినప్పుడల్లా ఈ ఉత్తరాలను చదువుతూ వచ్చినవాడిని. ఉద్యోగంలో ఉండగా ఒక కార్యాలయంలో తుది ఉత్తర్వును భద్రంగా ఉంచి, దానికి ముందున్న నోటు పుటలను పనికిరాని కాగితాలని విడదీసి పారేశారు. పదేళ్ల తరువాత ఆ ఉత్తర్వు ఎందుకిచ్చారో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగలలేదు. ఆ రోజు నుంచి నాకు చిన్న కాగితం మీద గౌరవం పెరిగింది.

ముందుగా ఆ కార్యాలయం ఎంతదో ఊహించుకోవాలి. 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ప్రమాణం చేసేనాటికి కొత్త రాజ్యాంగం కింద ఒక్క శాఖ కూడా లేదు. విదేశీ వ్యవహారాల శాఖకు (దీని అధిపతినే తరువాత రాజ్య కార్యదర్శి అన్నారు) జులైలో, యుద్ధ శాఖకు ఆగస్టులో, ఖజానా శాఖకు సెప్టెంబరులో చట్టాలు వచ్చాయి. అంతవరకు పాత ప్రభుత్వంలో విదేశీ వ్యవహారాలు చూసిన జాన్ జే, యుద్ధ శాఖ చూసిన హెన్రీ నాక్స్ వంటివారే పనులు చూస్తూ ఉన్నారు. అధ్యక్షుడి కార్యాలయం అంటే ఆయన నివసించే అద్దె ఇల్లే. అందులో టోబియాస్ లియర్, డేవిడ్ హంఫ్రీస్, విలియం జాక్సన్, థామస్ నెల్సన్, మేనల్లుడు రాబర్ట్ లూయిస్ కార్యదర్శులుగా ఉండేవారు. వీరి జీతాలకు కాంగ్రెసు, అంటే అక్కడి చట్టసభ, వేరుగా డబ్బు ఇవ్వలేదు. ఏడాదికి 25,000 డాలర్లని నిర్ణయించిన అధ్యక్షుడి జీతంలో నుంచే ఇంటి ఖర్చుతోపాటు ఈ ఖర్చూ భరించాలి. అధ్యక్షుడి ఆంతరంగిక కార్యదర్శికి ప్రభుత్వం జీతం ఇవ్వడం 1857లో గాని మొదలుకాలేదు. చేతివ్రాతతో, సిరాతో, ఇంటి మనుషులవంటి నలుగురైదుగురితో ఒక దేశపు తపాలు నడిచిందన్నది మనసులో ఉంచుకుంటే, ఆ చీటీలు ఎందుకంత పొట్టిగా ఉన్నాయో అర్థమవుతుంది.

లియర్ రాసిన చీటీలను చూడండి. 'అధ్యక్షులవారి ఆజ్ఞ మేరకు టి. లియర్ ఈ కాగితాలను రాజ్య కార్యదర్శికి సగౌరవంగా పంపుకొనుచున్నాడు' అని తన గురించి తానే ప్రథమ పురుషలో రాసుకొంటాడు. మన ప్రభుత్వ ఉత్తర్వుల చివర 'గవర్నరు పేరున, వారి ఉత్తర్వుల మేరకు' అని ఉండి కింద ఒక కార్యదర్శి సంతకం చేస్తాడు కదా, దీనిని కూడా ఆ దృష్టితోనే చదవాలి. అలాగే ప్రతి ఉత్తరం చివర 'తమ మిక్కిలి విధేయుడైన వినయ సేవకుడు' అని కనబడితే రాసినవాడికి ఎదుటివాడిపై భక్తి ఉందని భ్రమపడవద్దు. ఒకరినొకరు ఏమాత్రం గిట్టనివారు కూడా అదే మాట రాసుకొన్నారు. 'ఇట్లు తమ విధేయుడు' అన్న మాటకు మనం ఎంత బరువు ఇస్తామో దానికీ అంతే ఇవ్వాలి.

ఇక ఆ ఇంటికి ఏమేమి వచ్చేవంటే, అన్నిటికన్నా విసిగించినవి కొలువులు కోరుతూ వచ్చిన అర్జీలు. ఓడరేవులలో సుంకం వసూలు చేసే కలెక్టర్లు, సరుకు తనిఖీ చేసే అధికారులు, న్యాయస్థానాల మార్షళ్లు, ఇలా వందల పదవులను ఒక్కసారిగా నింపవలసి వచ్చింది. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక హెచ్చరిక చేయాలి. ఆ ఉత్తరాల్లో 'కలెక్టర్' అంటే జిల్లాను ఏలే అధికారి కాడు, రేవులో దిగుమతి సుంకం వసూలు చేసే ఉద్యోగి. అయినా కేంద్ర ప్రభుత్వానికి ఆ ఊళ్లో కళ్లూ చెవులూ అతడే కాబట్టి ఆ పదవికి పోటీ విపరీతంగా ఉండేది. యుద్ధంలో ప్రాణమిచ్చిన సేనాని డేవిడ్ వూస్టర్ భార్య మేరీ వూస్టర్ తన కుమారుడి కోసం రాసిన ఉత్తరానికి 1789 మే 21న వాషింగ్టన్ ఇచ్చిన జవాబును తప్పకుండా చదవండి. ఆమె కష్టానికి మనసు కరిగినా, ప్రజల పని విషయంలో తన ఇష్టాయిష్టాలకు చోటివ్వలేనని, అందరినీ చూసి తగినవాడనుకొన్న మనిషినే ఎంపిక చేస్తానని మర్యాదగా చెబుతాడు. ఏ ఉత్తరంలోనైనా ముందుగా మాట ఇచ్చేస్తే ఆ మాట రేపు ఊరూరా తిరుగుతుందన్న భయం ఆయనకుండేది. ఆ నెలల్లో వెళ్లిన జవాబులన్నిటినీ వరుసగా చదివితే ఎక్కడా 'సరే' అన్న మాట దొరకదు. ఒక్క ఉత్తరమే చదివితే అది దయలేని జవాబుగా కనబడుతుంది, వరుసగా చదివినప్పుడే అది ఒక పద్ధతి అని తెలుస్తుంది.

అంత జాగ్రత్తపడ్డా దెబ్బ తగిలింది. సవానా రేవులో 'నేవల్ ఆఫీసర్' అనే సుంకాల అధికారి పదవికి బెంజమిన్ ఫిష్‌బోర్న్ పేరు పంపితే, 1789 ఆగస్టు 5న సెనేట్ తిరస్కరించింది. మరునాడే వాషింగ్టన్ సెనేట్‌కు ఒక ఉత్తరం పంపి, మీ కారణాలు మీకుండవచ్చుగాని, నేను పంపిన పేరు మీద సందేహం కలిగినప్పుడు ఎందుకు పంపానో నన్ను అడిగితే బాగుంటుంది కదా అని అంటూ, ఆ మనిషిని తానెందుకు నమ్మాడో వివరించాడు. మరో పేరు కూడా అందులోనే పంపాడు. అధ్యక్షుడికీ సెనేట్‌కూ మధ్య ఈ విషయంలో ఎలా వ్యవహరించాలో రాజ్యాంగంలో వివరంగా లేదు, ఇలాంటి ఉత్తరాల రాకపోకల్లోనే అది కుదురుకొంటూ వచ్చింది.

మీ మొదటి ప్రశ్నకు అసలైన జవాబు 1801 నవంబరు 6 నాటి ఒక సర్క్యులర్‌లో ఉంది. జెఫర్సన్ అధ్యక్షుడైన తొలి ఏడాదిలో తన శాఖాధిపతులందరికీ పంపినది అది. వాషింగ్టన్ దగ్గర రాజ్య కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో, ఆనాడు కాగితం ఎలా నడిచేదో అందులో చెప్పాడు. ఆ పద్ధతి ఇది: పనికి సంబంధించిన ఉత్తరం అధ్యక్షుడికే వస్తే ఆయన దాన్ని సంబంధిత శాఖకు పంపేవాడు. శాఖాధిపతికి వచ్చిన ఉత్తరానికి జవాబు అవసరం లేకపోతే, తెలియడం కోసమని అధ్యక్షుడికి చూపించేవారు. జవాబు కావలసి ఉంటే, వచ్చిన ఉత్తరాన్నీ ఇవ్వదలచిన జవాబు ముసాయిదానూ కలిపి పంపేవారు. అధ్యక్షుడు చదివి, ఏమీ రాయకుండా తిప్పి పంపితే సమ్మతించినట్లు లెక్క. మార్పు కావాలంటే, లేదా ఏదైనా అడగాలంటే ఒక చిన్న చీటీ జత చేసేవాడు. సందేహం పెద్దదైతే ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఆపి ఉంచేవాడు.

ఈ సర్క్యులర్‌ను పక్కన పెట్టుకుని మీరు విసుక్కున్న చీటీలను మళ్లీ చదవండి. 'తిప్పి పంపుతున్నాను' అన్న ఒక్క వాక్యం ఒక ప్రభుత్వ నిర్ణయం. అందులో మాట లేకపోవడమే ఆమోదం. మన సచివాలయాల్లో ఫైలు పైకి వెళ్లి, పై అధికారి పొట్టి సంతకంతో కిందికి దిగి వస్తే ఏమని అర్థం చేసుకొంటామో, ఇదీ అంతే. కాకపోతే అక్కడ ఆ పొట్టి సంతకం కూడా ఉండేది కాదు, కాగితం తిరిగి రావడమే సంతకం. అందుకని 'వాషింగ్టన్ ఈ విషయంలో ఏమీ అనలేదు' అని తేల్చేముందు ఆ కాగితం ఆయన బల్ల మీదికి ఏ రోజు వెళ్లిందో, ఏ రోజు తిరిగి వచ్చిందో చూడాలి.

జెఫర్సన్ ఆ సర్క్యులర్‌లో మరో సంగతి కూడా చెప్పాడు. ఈ పద్ధతి వల్ల వాషింగ్టన్ దేశం నలుమూలలా జరిగే పనులన్నిటినీ ఎప్పటికప్పుడు తెలుసుకొంటూ, అన్నిటికీ బాధ్యత తానే వహించగలిగాడని, ఆ తరువాత వచ్చిన ఆడమ్స్ ఎక్కువ కాలం రాజధానికి దూరంగా ఉండడం వల్ల పని నలుగురు శాఖాధిపతుల మధ్య చీలిపోయి ఒక్కోసారి ఒకరిది ఒక దారి, మరొకరిది మరో దారి అయిందని అన్నాడు. ఈ మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి, ఎందుకంటే చెబుతున్నవాడు ఆడమ్స్‌ను ఓడించి వచ్చినవాడు. ఆడమ్స్ తన వైపు మాట తానూ రాశాడు. 1799లో మసాచుసెట్స్ రాష్ట్రపు క్విన్సీలోని తన ఇంట్లో నెలల తరబడి ఉండిపోయినప్పుడు వచ్చిన విమర్శకు జవాబుగా, శాఖాధిపతులందరూ ముఖ్యమైన పనులన్నిటినీ తపాలులో తనకు పంపుతూనే ఉన్నారని, తాను అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో చేసినట్లే ఇక్కడి నుంచీ ప్రభుత్వం నడుపుతున్నానని అన్నాడు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాలంటే వారిద్దరి పెద్ద ఉత్తరాలు పనికిరావు. ఆ నెలల్లో క్విన్సీకి వెళ్లి వచ్చిన కాగితాల తేదీలను వరుసగా రాసుకుని చూడాలి. ఆ లెక్క చూశాక నాకు కలిగిన అభిప్రాయం, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందని. కాగితాలు వెళుతూనే ఉన్నాయి, కానీ వెళ్లి రావడానికి పట్టే రోజుల్లో మంత్రులు తమలో తాము మాట్లాడుకుని ఒక దారి పట్టేయగలిగేవారు.

దూరం సంగతి వాషింగ్టన్‌కు బాగా తెలుసు. 1791లో దక్షిణాది రాష్ట్రాల పర్యటనకు బయలుదేరేముందు, ఏప్రిల్ 4న వర్జీనియాలోని తన సొంత ఇల్లు మౌంట్ వెర్నన్ నుంచి ముగ్గురు శాఖాధిపతులకూ ఒక ఉత్తరం రాశాడు. ఏ తేదీకి ఏ ఊళ్లో ఉంటాడో వరుసగా, ఫ్రెడరిక్స్‌బర్గ్, రిచ్‌మండ్, పీటర్స్‌బర్గ్, విల్మింగ్టన్, చార్లెస్టన్, సవానా అంటూ రాసి, తన గైర్హాజరులో ఏదైనా ముంచుకొస్తే మీరు కూడి ఆలోచించుకుని, అవసరమైతే నాకు కబురు పంపండి, మీ స్థాయిలో చేయగలిగినవి చేయండి, తిరిగి వచ్చాక నేను ఆమోదిస్తాను అని చెప్పాడు. చూడడానికి అది ఊళ్ల పట్టిక. నా దృష్టిలో అది అధ్యక్షుడు లేనప్పుడు ప్రభుత్వం ఎలా నడవాలన్న దానికి తొలి లిఖిత ఏర్పాట్లలో ఒకటి. ఆ పర్యటన మొత్తం 1,887 మైళ్లని ఆయనే లెక్క రాసుకొన్నాడు.

రెండేళ్లకు ఆ ఏర్పాటు కూడా చాలలేదు. 1793లో ఫిలడెల్ఫియాను పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) కమ్ముకొంది. వాషింగ్టన్ సెప్టెంబరు 10న కొద్దిరోజుల్లో తిరిగి వస్తాననుకొని ఊరు విడిచాడు, జ్వరం తగ్గకపోవడంతో రాలేకపోయాడు. ఆ శరత్తులో మౌంట్ వెర్నన్ నుంచి రాసిన ఉత్తరాల్లో పదేపదే కనబడే బాధ ఒకటే: కాగితాలు వెంట తెచ్చుకోలేదు, చివరికి తాము ఏర్పరచుకొన్న నియమాల ప్రతి కూడా దగ్గర లేదు, కాబట్టి పాత కాగితం చూసి తేల్చవలసిన విషయాలను ఇక్కడి నుంచి తేల్చలేను. ఫ్రాన్సు, బ్రిటన్ యుద్ధంలో ఏ పక్షమూ చేరని దేశంగా ఎలా మెలగాలన్న గొడవ నడుస్తున్న రోజులవి. సేనలను నడిపిన మనిషి, దేశమంతా నమ్మిన మనిషి, ఒక కాగితపు పెట్టె దగ్గర లేక చేతులు కట్టేసినట్లు కూర్చోవలసి వచ్చింది. దస్త్రం అన్న మాట విలువ ఇంతకన్నా దగ్గరగా చూపించే సంఘటన నాకు తెలియదు.

రోజువారీ పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనవి దీపస్తంభాల కాగితాలు. 1789 ఆగస్టు 7 నాటి చట్టంతో తీరంలోని దీపస్తంభాలు కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. వాటి గుత్త ఒప్పందాలకు అధ్యక్షుడి ఆమోదం కావాలి, కాపలాదారును నియమించాలన్నా ఆయన మాటే కావాలి. చీసపీక్ అఖాతపు ముఖద్వారంలో కేప్ హెన్రీ దగ్గర స్తంభం కట్టడానికి జాన్ మెకోంబ్‌తో 1791లో 15,200 డాలర్లకు కుదుర్చుకొన్న ఒప్పందం ఖజానా కార్యదర్శి హామిల్టన్ ద్వారా వాషింగ్టన్ దగ్గరికి వెళ్లింది. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో ఉన్న పోర్ట్‌లాండ్ హెడ్ దీపాన్ని 1791 జనవరిలో వెలిగించినప్పుడు మొదటి కాపలాదారుగా జోసెఫ్ గ్రీన్‌లీఫ్‌ను నియమించారు. మొదట్లో అతనికి జీతం లేదు, ఆ ఇంట్లో ఉండవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, అంతే. తరువాత ఏడాదికి 160 డాలర్లు ఇచ్చారు. ఒక దేశాధ్యక్షుడు దీపం వెలిగించే మనిషి జీతం గురించి ఆలోచించవలసి వచ్చిందా అని మీకు అనిపించవచ్చు. జెఫర్సన్ కాలంలో ఇలాంటి ఒక కాగితం మీద ఆయన రాసిన మాట చూడండి: దీపస్తంభం కాపలాదారు ఏ కొద్దిపాటి అలక్ష్యం చూపినా తొలగించవలసిందే, ఎందుకంటే ఆ కొద్దిపాటి అలక్ష్యమే ఘోరాలకు దారి తీస్తుందని. ఖజానా కార్యదర్శి గాలటిన్‌తో నడిచే నిత్య వ్యవహారంలో వచ్చిన ఒకటి రెండు వాక్యాలు అవి. చీకట్లో తీరానికి వస్తున్న ఓడల్లోని ప్రాణాలు ఆ వాక్యంలో ఉన్నాయి. ఇలాంటివి పేరున్న ఉత్తరాల సంకలనాల్లో మీకు దొరకవు.

ఇక సంతకం విషయానికి వద్దాం. తొలి అధ్యక్షుల సంతకం ఉన్న కాగితాల్లో ఎన్నిటినో వారు చదవను కూడా లేదు, చదవవలసిన అవసరమూ లేదు. దీనికి మంచి ఉదాహరణ మధ్యధరా పాస్‌పోర్టు. 1795లో ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్‌తో సంధి కుదిరాక, అమెరికా ఓడలను అక్కడి సముద్రపు దోపిడీదారులు పట్టుకోకుండా ఉండేందుకు 1796 చట్టంతో వీటిని ఇవ్వడం మొదలుపెట్టారు. తోలు కాగితం మీద ఓడ బొమ్మ, దీపస్తంభం బొమ్మ చెక్కి అచ్చువేసేవారు. పైభాగాన్ని అలల్లాగా వంకరటింకరగా కత్తిరించి, ఆ పైముక్కలను అల్జీర్స్ వైపు వారికి ముందే పంపేవారు. సముద్రంలో ఓడ ఎదురైనప్పుడు దోపిడీ ఓడవాడు తన దగ్గరి ముక్కను ఓడ కాగితం మీద పెట్టి చూస్తాడు. అంచుకు అంచు కుదిరితే వదిలేయాలి. చదవడం రానివాడికి కూడా సరిపోయే ఏర్పాటు అది. అధ్యక్షుడు వీటిని ఖాళీగా ఉండగానే కట్టలు కట్టలుగా సంతకం చేసి పెడితే, రాజ్య కార్యదర్శి సంతకమూ వేశాక ఖజానా శాఖ ద్వారా రేవుల్లోని కలెక్టర్లకు వెళ్లేవి, ఓడ పేరు, నాయకుడి పేరు కలెక్టరే నింపేవాడు. అందుచేత ఒక ఓడ కాగితం మీద జెఫర్సన్ సంతకం ఉంటే ఆ ఓడ గురించి జెఫర్సన్‌కు తెలుసునని అనుకోకూడదు.

ప్రభుత్వం అమ్మిన భూముల పట్టాలదీ ఇదే కథ. అవి అధ్యక్షుడే స్వయంగా సంతకం చేయవలసినవి. పడమటి భూముల అమ్మకం పెరిగిన కొద్దీ కుప్పలు పేరుకుపోయి, చివరికి ఆండ్రూ జాక్సన్ కాలంలో 1833లో కాంగ్రెసు ఒక కార్యదర్శి అధ్యక్షుడి తరఫున సంతకం చేయవచ్చని చట్టం చేసింది. ఆ తరువాతి పట్టాల మీద అధ్యక్షుడి పేరు కనబడినా అది ఆయన చేతివ్రాత కాదు. వంశ చరిత్ర వెతుక్కునే అమెరికన్లు ఇక్కడ తరచూ మోసపోతుంటారు.

దీనికి అటు చివర ఉన్నవి, మాట వేరొకరిదైనా నిర్ణయం అధ్యక్షుడిదైన కాగితాలు. 1789 వసంతంలో జరిగినది చూడండి. వాషింగ్టన్ తొలి ప్రసంగానికి జేమ్స్ మాడిసన్ సాయపడ్డాడు. ఆ ప్రసంగానికి ప్రతినిధుల సభ ఇచ్చిన జవాబును సభ్యుడిగా మాడిసనే రాశాడు. ఆ జవాబుకు ప్రత్యుత్తరం కావలసి వచ్చి వాషింగ్టన్ మే 5న మాడిసన్‌కే ఉత్తరం రాసి, మొదలుపెట్టింది మీరే కాబట్టి ముగింపు కూడా మీరే చేయాలని కోరాడు. సెనేట్‌కు పంపిన ప్రత్యుత్తరమూ ఆయనదే. బయటికి అధ్యక్షుడికీ కాంగ్రెసుకూ మధ్య సంభాషణగా కనబడినదానిలో చాలా భాగం ఒకే మనిషి కలం నుంచి వచ్చింది. ఇది మోసం అని నేను అనను. కొత్త పదవికి ఏ గొంతు తగినదో ఎవరికీ తెలియని రోజుల్లో, తాను నమ్మిన మనిషి చేత ఆ గొంతును దిద్దించుకొన్నాడు.

న్యూపోర్ట్ ఉత్తరం దీనికి మరో రూపం. 1790 ఆగస్టులో వాషింగ్టన్ రోడ్ ఐలండ్ వెళ్లినప్పుడు అక్కడి యూదు సమాజం తరఫున మోజెస్ సేషాస్ స్వాగత పత్రం సమర్పించాడు. మతద్వేషానికి సమ్మతి ఇవ్వని, హింసకు సాయపడని ప్రభుత్వం అన్న మాట వాషింగ్టన్ పేర ప్రసిద్ధమైంది కదా, ఆ మాట మొదట సేషాస్ పత్రంలో ఉన్నది. అప్పటి మర్యాద ప్రకారం ప్రత్యుత్తరంలో ఎదుటివారి మాటను తిరిగి వారికి వినిపించేవారు. అయితే రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే జవాబు ఎక్కడ ముందుకు వేసిందో తెలుస్తుంది. ఒక వర్గం దయతలచి ఓర్చుకొంటే మరో వర్గం తమ సహజ హక్కులను అనుభవించే రోజులు పోయాయని అందులో చేర్చారు. వచ్చిన కాగితం చదవకుండా జవాబు ఒక్కటే చదివేవారు అరువు మాటను మెచ్చుకుని, సొంతంగా చేర్చిన మాటను దాటిపోతారు.

ఇదే వరుసలో డాన్‌బరీ ఉత్తరం. కనెక్టికట్‌లోని బాప్టిస్టు సంఘం పంపిన పత్రం 1801 డిసెంబరు 30న జెఫర్సన్‌కు అందింది. 1802 జనవరి 1 తేదీతో జవాబు వెళ్లింది. మధ్యలో ఉన్నది రెండే రోజులు. ఆ రెండు రోజుల్లోనే ముసాయిదా రాసి, న్యూ ఇంగ్లండ్ ప్రాంతం తెలిసిన ఇద్దరికి, పోస్ట్‌మాస్టర్ జనరల్ గిడియన్ గ్రేంజర్‌కు, అటార్నీ జనరల్ లీవై లింకన్‌కు పంపాడు. గ్రేంజర్ ఏమీ మార్చవద్దన్నాడు. లింకన్ మాత్రం, ఆ ప్రాంతపు జనం తమ ప్రభుత్వాలు ఉపవాస దినాలు, కృతజ్ఞతా దినాలు ప్రకటించడానికి అలవాటుపడినవారని గుర్తుచేశాడు. అధ్యక్షుడిగా తాను అలాంటి దినాలను ఎందుకు ప్రకటించడో చెప్పే భాగాన్ని జెఫర్సన్ కొట్టేశాడు, తూర్పు రాష్ట్రాల్లోని తన పక్షంవారి మనసు నొప్పించకుండా వదిలేస్తున్నానని పక్కన అంచులో రాసుకొన్నాడు. సిరాతో కొట్టేసిన ఆ పంక్తులను 1998లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల వెలికి తీసి చదివింది. మతానికీ రాజ్యానికీ మధ్య అడ్డుగోడ అన్న మాటను న్యాయస్థానాలు ఇప్పటికీ ఈ ఉత్తరం నుంచే తీసుకొంటాయి. ఆ గోడకు పక్కన ఏ ఇటుకలు తీసేశారో తెలియాలంటే ముసాయిదా చూడాలి.

మీ రెండో ప్రశ్నలో మరో మెలిక ఉంది: మీరు చూస్తున్న ప్రతి ఏ ప్రతి? వాషింగ్టన్ ఇంట్లో కార్యదర్శులు సాపు ప్రతిని పంపి, నకలును పుస్తకంలో ఎక్కించేవారు. నకలు రాసేవాడు తప్పు చేయవచ్చు, తరువాత సరిదిద్దనూ వచ్చు. జెఫర్సన్ పద్ధతి వేరు. తన ఉత్తరాలు తానే రాసుకొనేవాడు. జేమ్స్ వాట్ 1780లో చేసిన నకలు యంత్రంలో తడి పలుచని కాగితాన్ని ఉత్తరం మీద అదిమితే సిరా దానికి అంటుకొనేది, వెనక వైపు నుంచి చదువుకోవాలి. 1804 నుంచి రెండు కలాలను జోడించిన పాలిగ్రాఫ్ యంత్రం వాడాడు. ఒక కలంతో రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే గీస్తూ పోతుంది, అందుకని ఆయన నకలు అంటే అసలంత నమ్మదగినది. దీనితోపాటు 1783 నుంచి చనిపోయేదాకా వచ్చిన ఉత్తరాలకూ పంపిన ఉత్తరాలకూ ఒక పట్టీ నడిపాడు. మన ఆఫీసుల ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టరు వంటిదే. రాసిన తేదీ, అందిన తేదీ, ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి అన్నవి అందులో ఉంటాయి. కొలువు కోసం వచ్చిన ఉత్తరమైతే ఒక పొట్టి గుర్తు వేసుకొనేవాడు. ఉత్తరం పోయినా పట్టీలో దాని జాడ మిగిలింది.

ఆ జాడ ఎంత అవసరమో యుద్ధ శాఖ చరిత్ర చెబుతుంది. 1800 నవంబరు 8న వాషింగ్టన్ నగరంలో ఆ శాఖ ఉన్న ఇల్లు తగలబడి నాక్స్ కాలం నుంచి ఉన్న దస్త్రాలు బూడిదయ్యాయి. సైనికుల బకాయిలు, ఆదివాసీ తెగలతో ఒప్పందాలు, కోటల సరఫరా, అన్నీ వాటిలో ఉండేవి. ఈనాడు పరిశోధకులు ఎదుటివారి దగ్గర మిగిలిన ప్రతులను దేశవిదేశాల్లో వెతికి ఆ దస్త్రాన్ని తిరిగి కూర్చుతున్నారు. సెనెకా అనే ఆదివాసీ తెగ నాయకుడు కార్న్‌ప్లాంటర్, అతని తోటివారు 1790 డిసెంబరు 1న వాషింగ్టన్‌కు ఇచ్చిన విజ్ఞప్తి మిగలడం మన అదృష్టం. 'మీ సైన్యం మా దేశంలోకి వచ్చినప్పుడు మిమ్మల్ని ఊళ్లను నాశనం చేసేవాడని పిలిచాం' అని వారు దేశాధ్యక్షుడి ముఖానే చెప్పి, తమ భూమి సంగతి అడిగారు. డిసెంబరు 29న వాషింగ్టన్ ఇచ్చిన జవాబులో, ఇక మీదట మీ భూమిని మోసంతో తీసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోదని మాట ఇచ్చాడు. ఆ మాట ఎంతవరకు నిలిచిందో తరువాతి దశాబ్దాల కాగితాల్లో చదివినప్పుడు నాకు కలిగిన బాధను ఇక్కడ దాచుకోను. మాట ఇచ్చిన తేదీ, మాటలూ కాగితం మీద ఉన్నాయి కాబట్టే ఈనాడు ఎవరూ అలాంటి మాట ఇవ్వలేదని అనలేరు.

మన వైపుకు ఉన్న దారి కూడా ఒకటి చెబుతాను. 1792 నవంబరులో వాషింగ్టన్ బెంజమిన్ జాయ్‌ను కలకత్తాలో అమెరికా కాన్సులుగా నియమించాడు. 1794లో జాయ్ అక్కడికి చేరితే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం కాన్సులుగా గుర్తించడానికి నిరాకరించి, వాణిజ్య ఏజెంటుగా ఉండనిచ్చింది. అదే ఏడాది మద్రాసులో ఏజెంటుగా విలియం అబ్బాట్ నియమితుడయ్యాడు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా అద్దె ఇళ్లలో రాసిన ఉత్తరాలకు కోరమాండల్ తీరంతో ఉన్న సంబంధం అంత పాతది.

ఆచరణలో మీరు ఇలా మొదలుపెట్టండి. పేరున్న ఉత్తరం వైపు వెళ్లకుండా 1793 సెప్టెంబరు 10 నుంచి నవంబరు మొదటి వారం దాకా వాషింగ్టన్ పేర వచ్చినవీ, ఆయన పంపినవీ తేదీల వరుసలో తెరవండి. ప్రతి కాగితానికీ నాలుగు విషయాలు రాసుకోండి: ఏ రోజు రాశారు, ఏ రోజు అందింది, కింద సంపాదకులు ముసాయిదా అన్నారా, పంపిన ప్రతి అన్నారా, లేక నకలు పుస్తకం అన్నారా, జతపరచినవేమిటి. జతపరచిన కాగితాన్ని తప్పకుండా తెరవండి, చీటీ పొట్టిగా ఉండడానికి కారణం విషయమంతా దానిలో ఉండడమే. నాక్స్ ఫిలడెల్ఫియా నుంచి పంపిన నివేదికలు, కాంగ్రెసును మరో ఊళ్లో సమావేశపరిచే అధికారం తనకుందా అని వాషింగ్టన్ జెఫర్సన్, అప్పటి అటార్నీ జనరల్ రాండాల్ఫ్, హామిల్టన్‌లను అడిగిన ఉత్తరాలు, వారి జవాబులు అన్నీ ఆ రెండు నెలల్లోనే ఉన్నాయి. ముగ్గురి జవాబులూ చదివాక ఆయన చివరికి ఏమి చేశాడో చూడండి. సందేహం వస్తే ఆ కాగితం తేదీ ఇక్కడ రాయండి, కలిసి చదువుదాం.